నలభై ముగ్గురు చూసిన ఫోటో

ఏప్రిల్ 7, 2025, సోమవారం

మెయిల్ వచ్చింది. నా పాత ఫోటోల ఖాతాను ఏళ్ళ తరబడి ఎవరూ తెరవలేదట. మే నెలాఖరులోగా ఒక్కసారైనా లోపలికి వెళ్ళకపోతే ఫోటోలతో సహా చెరిపేస్తారట. మీరు లేక మాకేమీ తోచడం లేదన్న ధోరణిలో మొదలుపెట్టి రెండో పేరాలో ఈ మాట చెప్పారు. మా రెండో మేనత్త కూడా ఇలాగే మాట్లాడేది.

చెరపనివ్వను. అందులో మూడు వందల పన్నెండు ఫోటోలున్నాయి. ఇంకెక్కడా లేవు, హార్డ్‌డిస్క్ ఎప్పుడో చచ్చింది. 2012, 13లో నేను ఈ దేశానికి యూనిలో, అంటే యూనివర్సిటీలో చదవడానికి వచ్చిన కొత్తలో, వెర్రిబీ అనే ఊళ్ళో అద్దె గదిలో ఉన్నప్పటివి. అన్నీ చదరాలు. అన్నిటికీ ఆ యాప్ ఫిల్టర్ వేసే గోధుమరంగు పూత, చుట్టూ తెల్ల అంచు. టోస్టు మీద ఆవకాయ. పొగమంచులో స్టేషను. పెరట్లో గొడుగులా తిరిగే దండెం మీద ఆరేసిన, నేను పార్ట్‌టైమ్ పనిచేసిన నర్సింగ్ హోమ్ యూనిఫారాలు. కింద రెండు ముక్కలు రాసేదాన్ని. "చలి. అంతే." ఇలాంటివి. నలభై ముగ్గురు చూసేవాళ్ళు, నలభై ముగ్గురూ నాకు తెలిసినవాళ్ళే. ఆవకాయ ఫోటో పెడితే బెంగళూరు నుంచి స్నేహితురాలు దీప్తి ఫోన్ చేసి తిట్టేది. ఇప్పుడు అదే యాప్ తెరిస్తే పరుపుల ప్రకటన, దాని కింద ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ డాన్సు, దాని కింద మళ్ళీ పరుపులు.

పాస్‌వర్డ్ ఏడు రకాలుగా కొట్టాను. పడలేదు. ఖాతాకు ఇచ్చిన నంబరుకి కోడ్ పంపుతామన్నారు. చివర 64. అది నా నంబరు కాదు, నీలిమది.

అప్పట్లో నా ఫోన్ డొక్కుది, యాప్ ఎక్కేది కాదు. అందుకని, అదే ఇంట్లో ఉండే నీలిమ ఫోన్‌లో, ఆమె నంబరుతో ఖాతా తెరిచాం. పేరు నాది, నంబరు ఆమెది. నేను కొత్త ఫోన్ కొన్నాక కూడా ఆ నంబరు మార్చాలని తట్టలేదు. అప్పుడు ఒకరి ఫోను ఇద్దరిదీ, ఒకరి స్వెట్టరు ఇద్దరిదీ.

నీలిమతో మాట్లాడి పన్నెండేళ్ళయింది. సరే, వేరే దారి ఉంటుంది. నాకు దారులు దొరుకుతాయి.

ఏప్రిల్ 8

వేరే దారి లేదు.

ఏప్రిల్ 12, శనివారం

సహాయ కేంద్రం వాళ్ళకు నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటికీ ఒకే జవాబు: నంబరుకి వచ్చిన కోడ్ కొట్టండి.

మా ఆయన దీపక్ కాఫీ కలుపుతూ, "నీలిమకి ఫోన్ చేసెయ్యొచ్చు కదా. టూ మినిట్స్ పని," అన్నాడు.

"చెయ్యను."

"ఎందుకని?"

"తను చెయ్యాలి. తప్పు నాది కాదు కనక."

అతనికి ఈ కథ పెళ్ళికి ముందే చెప్పాను. అయినా ఈసారి ఇక్కడ రాసి పెడతాను, రాస్తే తేలికవుతుందంటారు.

2013 ఆగస్టు. ఇల్లు నీలిమా, వాళ్ళాయన ఈశ్వరప్రసాద్ లీజుకు తీసుకున్నారు. పెద్ద గది వాళ్ళది, చిన్న గది నాకు అద్దెకిచ్చారు. నీలిమకు అయిదో నెల. నిజామాబాద్ నుంచి ఎవరూ రాలేరు కనక పుట్టింటి తరఫున నేనే ఫుట్‌స్క్రే బజారులో ఆకుపచ్చ గాజులు కొనుక్కొచ్చి తొడిగించాను. పసుపుపచ్చ చీర కట్టుకుని పెరటి తలుపు దగ్గర పక్కకు తిరిగి నిలబడింది. మోచేతుల దాకా గాజులు. వెలుగు బాగుంది. ఫోటో తీశాను, పెట్టాను. పెట్టేముందు అడిగాను, తల ఊపింది. ఏడో నెల సీమంతం దాకా కడుపు ఫోటో ఎవరికీ చూపించొద్దని వాళ్ళ అత్తగారి మాట ఉందట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ నలభై ముగ్గురిలో నీలిమ మరిది ఉన్నాడు. అతను చూసి ఇంట్లో చూపించాడు. నాకు ఆ సంగతి తెలిసిన మరునిమిషమే ఫోటో తీసేశాను.

అయిదు రోజులకు నీలిమకు గర్భం పోయింది.

అత్తగారు ఫోన్ స్పీకర్‌లో, నేను వంటింట్లో ఉండగానే, "ఆ పిల్లనే దిష్టి పెట్టింది," అంది. నీలిమ ఏమీ అనలేదు. ఈశ్వర్ ఏమీ అనలేదు. రెండు వారాల్లో గది ఖాళీ చేశాను. ఖాతాలో నీలిమను బ్లాక్ చేశాను, పాస్‌వర్డ్ మార్చాను. అంతే కథ.

నా ఉద్యోగం అల్ట్రాసౌండ్ స్కాన్లు తియ్యడం. రోజుకు పన్నెండు పొట్టలు చూస్తాను. పంతొమ్మిదో వారంలో గర్భాలు ఎందుకు పోతాయో నాకు తెలుసు, ఆ కారణాల జాబితాలో ఫోటో లేదు. కాకి వాలిందని తాటిపండు పడదు. ఇంత చదువుకుని, అత్తగారు ఆ మాట అంటుంటే ఒక్క మాట అడ్డు చెప్పలేకపోయింది నీలిమ. నేను చేసిన తప్పేమీ లేదు.

తేలికేమీ అవలేదు.

ఏప్రిల్ 13

కోడ్ పంపమని నొక్కాను. ఊరికే, పనిచేస్తోందో లేదో చూద్దామని. "పంపాం" అని వచ్చింది. పది నిమిషాల గడువు. అంకెలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ సున్నాకు వచ్చాయి. ఆమె నంబరు మార్చేసి ఉంటుంది.

ఏప్రిల్ 16

మళ్ళీ నొక్కాను. టెస్టింగ్.

ఏప్రిల్ 17

ఇంకోసారి.

ఏప్రిల్ 19, శనివారం

ఈస్టర్ సెలవులు. అక్షర సోఫాలో కాళ్ళు నా ఒడిలో పెట్టి పడుకుని, ఏమిటమ్మా ఈ మధ్య ఫోన్‌తో అంత కుస్తీ అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను.

"హౌ మెనీ ఫాలోవర్స్?"

"నలభై ముగ్గురు."

"ఫార్టీ త్రీ? అమ్మా, దట్స్ బేసికలీ అ గ్రూప్ చాట్."

కాదన్నాను. గ్రూపులో వేస్తే జవాబివ్వాలని ఒక మొహమాటం ఉంటుంది. అక్కడ అలా కాదు. నువ్వు చూసినదాన్ని అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోవడమే. దారినపోయే నలుగురు చూస్తారు, ఒకరు తలుపు తట్టి బాగుందంటారు. అరుగంటే ఏమిటని అడిగింది. వరండా లాంటిదన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియలేదు.

కానీ నిజంగా బాగుండేది. నీలిమా నేనూ సాయంత్రం ఆరు గంటల ట్రైన్ దిగి నది వైపు నడుస్తూ, ఏ పూత వెయ్యాలి, ఏ రెండు ముక్కలు రాయాలి అని ఇల్లు చేరేదాకా కొట్టుకునేవాళ్ళం. ఆమెకు రంగులు తెలుసు. "గంత గోధుమ కొట్టకే, చాయ్ ఒలికినట్టున్నది," అనేది. ఫోటోలు నావి అంటుంటాను గానీ సగం కన్ను ఆమెది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. ఫోటోలు చూసుకోవాలన్నదే నా గొడవ, ఆమె సంగతి కాదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే ఆన్జాక్ డే సెలవు. ద్వారకానాథ్ అంకుల్ వాళ్ళ పెరట్లో బార్బెక్యూ. శేషుకుమారి ఆంటీ వంకాయలు కాలుస్తూ, తనంతట తనే నీలిమ మాట ఎత్తింది.

"మన నీలిమ వాళ్ళు రౌస్ హిల్‌లో ఇల్లు కొన్నారమ్మా. మొన్న సిడ్నీ వెళ్ళినప్పుడు చూశాను. పాపకు ఎనిమిదేళ్ళు, చాలా యాక్టివ్. అమ్ములు అంటారు."

"మంచిది ఆంటీ."

"నిన్ను అడిగింది."

"ఏమని?"

"తేజస్విని ఇంకా ఫోటోలు తీస్తోందా, అని."

లేదని చెప్పాల్సింది, అని అన్నాను. ఆంటీ నా వైపు ఒకసారి చూసి, వంకాయ తిప్పింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందేమో నా మాట. అయినా నేనేం దొంగతనం చేశాను? అడిగే పెట్టాను. తల ఊపింది, లేకపోతే నవ్వింది. రెండూ ఒకటే.

ఏప్రిల్ 27

నొక్కలేదు.

మే 3, శనివారం

నొక్కాను. ఈసారి కూడా సున్నాకు వచ్చింది.

ఇప్పుడు తట్టింది. నేను నొక్కిన ప్రతిసారీ ఆమె ఫోన్ మోగుతుంది. ఎవరో నా ఖాతా తెరవబోతున్నారని, నా పేరుతో సహా. అంటే మూడు వారాలుగా నేను ఆమె తలుపు కొట్టి పారిపోతున్నాను. నలభై దగ్గర పడుతున్న మనిషిని, క్లినిక్‌లో ఇద్దరు జూనియర్లకు పని నేర్పేదాన్ని.

ఇక ఇలా కాదని మెసేజ్ పెట్టాను. "నీలిమా, నేను తేజస్వినిని. పాత ఫోటోల ఖాతా ఈ నెలాఖరుకు పోతుంది. కోడ్ నీ నంబరుకి వస్తోంది. ఇవ్వగలిగితే ఇవ్వు." ఎలా ఉన్నావని రాసి చెరిపాను, రాసి చెరిపాను.

జవాబు లేదు.

మే 9, శుక్రవారం

లంచ్ టైములో నొక్కాను. మూడో నిమిషంలో మెసేజ్ వచ్చింది. ఆరు అంకెలు. ముందూ వెనకా ఒక్క మాట లేదు.

కొట్టాను. తెరుచుకుంది.

మూడు వందల పన్నెండూ ఉన్నాయి. ఆవకాయ టోస్టు, స్టేషను, దండెం. నీలిమ బీనీ టోపీ పెట్టుకుని పెసరట్టు తిప్పుతున్నది. అప్పటి మా ఇంటి ఎదుట, చెత్త బిన్ మీద కూర్చున్న తెల్లటి కాకటూ పిట్ట. స్కాన్ గది చీకట్లో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎంత చెడ్డ ఫోటోలో, ఎంత బాగున్నాయో. ఒక్కదాంట్లోనూ ఎవరినీ మెప్పించాలన్న తాపత్రయం లేదు. ఆ పిల్ల ఎవరో గానీ నాకు నచ్చింది.

కిందికి జరుపుతూ ఆగస్టు దాకా వెళ్ళాను.

మిగతాది తర్వాత రాస్తాను. ఒంటిగంటన్నర పేషెంట్ వచ్చింది.

మే 10

ఇవాళ రాయను.

మే 11, ఆదివారం

మదర్స్ డే. అక్షర పాన్‌కేకులు చేసి మంచం దగ్గరికే తెచ్చింది. తిన్నాను. బాగున్నాయి. కార్డు మీద నా బొమ్మ వేసింది, చేతిలో ఫోనుతో.

సరే, రాస్తాను.

ఆ ఫోటో అక్కడే ఉంది. తీసెయ్యలేదు నేను. తీసేశానని పన్నెండేళ్ళుగా దీపక్‌కు చెప్పాను, అమ్మకు చెప్పాను, పోయిన నెల ఇదే పుస్తకంలో రాశాను. పసుపుపచ్చ చీర, ఆకుపచ్చ గాజులు, చుట్టూ తెల్ల అంచు. ఇరవై ఆరు గుండె గుర్తులు. అప్పటిదాకా నా ఫోటో దేనికీ పదిహేను దాటలేదు.

కింద మాటలున్నాయి, మేమప్పుడు రాసుకునే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో. ఆ రోజు నేను యూనిలో, ఆమె సూపర్ మార్కెట్‌లో షిఫ్టులో.

నీలిమ: "తేజూ ఇది తియ్యవే. ఎందుకో నీకెర్కే గద."

నేను: "అబ్బా ఉండనీవే, ఎంత బాగున్నావో తెలుసా. ఇరవై దాటాయి."

నీలిమ: "తియ్యి తేజూ."

దాని కింద నేను రాసింది ఒక కన్ను కొట్టే బొమ్మ.

అడగలేదు. తల ఊపలేదు ఆమె. నవ్వనూ లేదు, అసలు అప్పుడు నా వైపు చూడలేదు, గాజులు చూసుకుంటోంది. పైగా గాజులు తొడిగించేటప్పుడే అత్తగారి మాట నాకు చెప్పింది. తర్వాత తెలిసిందని నేను రాసుకున్నది అబద్ధం. ఆమె ఎందుకు తియ్యమందో నాకు తెలుసు. దిష్టి అనేది మూఢనమ్మకం కనక నాకు లెక్కలేదు. ఇరవై దాటాయి కనక లెక్కలేదు. అందులో ఏది ఎక్కువో చెప్పుకోవాలంటే, రెండోదే.

ఆ అత్తగారు నన్ను అన్న మాట అబద్ధం. అది అబద్ధం కావడం నాకు ఎంత వీలుగా దొరికిందో ఇప్పుడు చూస్తున్నాను. దిష్టి లేదు కనక తప్పు లేదనుకున్నాను. ఆ నింద మీద ఇన్నేళ్ళూ వాదించి గెలుస్తూ ఉన్నాను, అసలు ఆమె నన్ను అడిగినదాని జోలికి పోకుండా. ఆమె దేహం, ఆమె కడుపు, తియ్యమని రెండుసార్లు అడిగింది. నేను కన్ను కొట్టాను.

నేను పిరికిదాన్ని కాను. అలా అనుకుంటూ వచ్చాను, అది నిజం చేసుకోవాలి. వచ్చే శనివారం విమానం టికెట్ బుక్ చేశాను. నీలిమకు మెసేజ్ పెట్టాను: "లోపలికి వెళ్ళాను. అంతా చదివాను. పదిహేడున మీ ఇంటికి రావచ్చా?"

గంట తర్వాత అడ్రసు వచ్చింది.

మే 17, శనివారం. తిరుగు విమానంలో

సిడ్నీ సెంట్రల్‌లో మెట్రో ఎక్కి రౌస్ హిల్‌లో దిగాను. డ్రైవరు లేని రైలు, ముందు అద్దంలోంచి సొరంగం కనిపిస్తుంది. ఇలాంటిదైతే మేమిద్దరం నాలుగు ఫోటోలైనా తీసేవాళ్ళం. తియ్యలేదు.

నీలిమ తలుపు తీసింది. లావైంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నేను చెప్పుల స్టాండ్ దగ్గరే, చెప్పులు విడవకముందే అనేశాను. కూర్చుంటే మంచినీళ్ళు, కుశలాలు వస్తాయి, ఇక నా నోరు పెగలదు.

"తియ్యమని రెండుసార్లు అడిగావు. తియ్యలేదు. తీసేశానని అందరికీ అబద్ధం చెప్పాను. తప్పు నాదే నీలిమా."

ఆమె తలుపు ఇంకాస్త తెరిచి పట్టుకుంది. తర్వాత, "లోపటికి రా. చలి కొడుతున్నది," అంది.

ఈశ్వర్ కూతురిని స్విమ్మింగ్ నుంచి తేవడానికి వెళ్ళాడట. చాయ్ పెట్టింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు, గొంతు మాత్రం పెంచలేదు.

"దిష్టి అని నేనెప్పుడన్న అన్ననా? అత్తమ్మ అన్నది. నేను నమ్మలే. డాక్టర్ చెప్పింది గద, గర్భాశయం ముఖద్వారం వీక్ ఉండెనని. అమ్ములప్పుడు కుట్లేసిన్రు, నిలిచింది."

"మరి ఆ రోజు ఆవిడకు అడ్డు చెప్పలేదేం?"

"దవాఖాన నుంచి వచ్చి మూడు దినాలైంది తేజూ. నాకు మాట్లాడనీకి ఓపిక ఉన్నదా? నువ్వేమో మొఖం తిప్పుకొని గది సర్దుకున్నవ్. అత్తమ్మ నిన్ను ఒక్కసారి అన్నది. నన్ను నాలుగేండ్లు అన్నది. చూపించొద్దంటే చూపించినవ్, నువ్వే చేసుకున్నవ్, అని. నేను తియ్యమన్న అని చెప్తే, ఎవరు తియ్యలేదో చెప్పాలె గద?"

"చెప్పలేదా?"

"చెప్పలే. నేనే పెట్టుమన్ననని ఆమె అనుకున్నది, గంతే."

ఏడ్చాను. నేనెప్పుడూ ఒకరి ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ఆమె టిష్యూ పెట్టె నా వైపు జరిపి, లేచి చాయ్ కప్పులు కడిగి వచ్చింది. ఓదార్చలేదు. అదే సరైన పని అనిపించింది.

కొంచెం కుదుటపడ్డాక ఫోన్ తీశాను. "నీ ముందే తీసేద్దామని ఇన్ని రోజులూ ముట్టుకోలేదు. ఇదిగో, ఇప్పుడు తీసేస్తాను," అని ఆ ఫోటో తెరిచి చెరిపే బొత్తాం మీద వేలు పెట్టాను.

నీలిమ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"ఏం చేస్తున్నవ్? తియ్యకు."

"నువ్వే కదా..."

"అప్పుడు తియ్యమన్న. ఇప్పుడు తియ్యకు. అప్పటి నా ఫోన్ల ఉన్నవి అన్నీ అత్తమ్మ మాట విని ఈశ్వర్ డిలీట్ చేసిండు. చూస్తే ఏడుస్తనని. నువ్వేమో బ్లాక్ చేస్తివి. నువ్వు తీసేసి ఉంటవ్, ఇగ ఎక్కడా లేదనుకున్న. మొదట ఆ కోడ్‌లు వస్తే స్కామ్ అనుకున్న. నీ మెసేజ్ చూసినంక ఆరు దినాలు ఆలోచించిన. ఉన్నదేమో అని పంపిన."

నేను తియ్యలేదు కనకనే మిగిలిందని ఎవరైనా అనొచ్చు. ఆ మాట నేను ఒప్పుకోను. అది మొండితనం, మంచితనం కాదు.

ఆమె ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసింది. తన మొహం దాటి, గాజులు దాటి, కిందికి జరిపి, చీర మడతల దగ్గర ఆపింది. చాలాసేపు చూసింది. తలుపు చప్పుడైంది. ఈశ్వర్ నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు. అమ్ములు తడి జుట్టుతో లోపలికి వచ్చి, నేనెవరని కళ్ళతోనే తల్లిని అడిగింది.

"ఇట్ల రా బిడ్డా," అంది నీలిమ. "మీ అన్న ఫోటో దొరికింది."

ఆ పిల్ల బ్యాగు కింద పడేసి పరిగెత్తుకొచ్చింది. తల్లి భుజం మీద గడ్డం ఆనించి ఫోన్‌లోకి చూసి, "వేర్ ఈజ్ హి?" అంది.

నీలిమ వేలు పెట్టి చూపించింది. "ఇగో, ఈడ."

ఈశ్వర్ వచ్చి వెనక నిలబడ్డాడు. ముగ్గురూ చూస్తున్నారు. నేను ఎదురు సోఫాలో కూర్చున్నాను. బాబని నాకు అప్పుడే తెలిసింది.